మా దగ్గర బాగానే వస్తోంది సార్

గూడూరు దగ్గర ఒక రైస్ మిల్లు. మార్చి నెల, కోతలు ముమ్మరంగా సాగుతున్న రోజులు. వే బ్రిడ్జి పక్కనున్న చిన్న గదిలో మిల్లు ఓనరు నా ముందు రెండు తూకం స్లిప్పులు పెట్టాడు. ఒకటి ఉదయం 9:40కి కాటా ఎక్కిన మినీ లారీది. వడ్లు పచ్చిగా ఉన్నాయి, తేమ 21 శాతం, ఆ తేమకి తూకంలోంచి కోసే తరుగు 168.5 కిలోలు. రెండోది మధ్యాహ్నం వచ్చిన ట్రాక్టర్‌ది. ఆ వేళకి తేమ చూసే మిషన్‌లో బ్యాటరీ అయిపోయింది. గుప్పిట్లోకి తీసుకుంటేనే గలగలమంటున్న ఎండు వడ్లు కదా అని ఆపరేటర్ కుర్రాడు తేమ గడి ఖాళీగా వదిలేశాడు. ఆ స్లిప్పులో కూడా తరుగు 168.5 కిలోలే.

"పాయింటు తర్వాత అయిదు కూడా తప్పలేదు చూడు నాయనా" అన్నాడాయన. "నేను కాటాలో మోసం చేస్తన్నానని ఆ రైతు నలుగురిలో అన్నాడు. నేనేం చెప్పాల?"

నెల్లూరు లెక్కలో పుట్టి అంటే 850 కిలోలు. 168 కిలోలంటే దాదాపు పుట్టిలో అయిదో వంతు. ఎవరో పచ్చి వడ్లు తెస్తే, ఆ తరుగు ఇంకెవరో ఎండు వడ్లలోంచి కోశాం. కోసింది మిల్లాయన కాదు, కాటా స్లిప్పుల కోసం మేం రాసిన ప్రోగ్రామ్.

మా ఆఫీసు చెన్నైలో, అంబత్తూర్ ఎస్టేట్‌లో. చిన్న కంపెనీ. గూడూరు, నాయుడుపేట వైపు మిల్లుల ఫోన్లు తెలుగువాళ్ళం కాబట్టి నాకు వస్తాయి, లేకపోతే సూళ్ళూరుపేట నుంచి రోజూ లోకల్ ట్రైన్‌లో వచ్చే మా జూనియర్ కుర్రాడికి వస్తాయి. ఆ రోజుకి ముందు ఆరు వారాల్లో ఆయన తరుగు తప్పుగా పడుతోందని నాలుగుసార్లు ఫోన్ చేశాడు. నాలుగుసార్లూ మేం చెప్పింది ఒకటే మాట: "మా దగ్గర బాగానే వస్తోంది సార్, మీ సిస్టమ్‌లోనే ఏదో ఉంది." ఆ మాట నమ్మి ఆయన కంప్యూటర్‌ని రెండుసార్లు ఫార్మాట్ చేయించాడు. యాంటీవైరస్ మార్పించాడు. చివరికి ఎర్తింగ్ సరిగ్గా లేదేమోనని ఎలక్ట్రీషియన్‌ని కూడా పిలిపించాడు. సమస్య పోలేదు. రోజూ రాదు, వచ్చిన రోజున కూడా అన్ని బండ్లకీ రాదు. అలాంటిదాన్ని పట్టుకోవడం ఎంత కష్టమో ఈ పనిలో ఉన్నవాళ్ళకి చెప్పక్కర్లేదు.

మేం అబద్ధం చెప్పలేదు. మా డెవలపర్ల మిషన్లన్నిట్లో ఉన్న ఆపరేటింగ్ సిస్టమ్, అంటే కంప్యూటర్‌ని నడిపే మూల సాఫ్ట్‌వేర్, లైనక్స్. వాటిలో నిజంగానే బాగా వచ్చేది. మిల్లులో ఉన్నది విండోస్. కాబట్టి ఆఫీసులో దానికి "విండోస్ ప్రాబ్లం" అని పేరు పెట్టేశాం. ఆ పేరు పెట్టడంతోనే మా బుర్రలు ఆగిపోయాయి. ఒకే ప్రోగ్రామ్ ఒక ఆపరేటింగ్ సిస్టమ్‌లో సరిగ్గా, ఇంకోదాంట్లో తప్పుగా నడిచిందంటే, తప్పు చూపించినదే నిజం చెబుతోందని ముందుగా అనుకోవాలి. రెండోది మన తప్పుని కప్పిపెడుతోంది. ఇది నేను ఆ రెండు స్లిప్పుల ముందు కూర్చున్నప్పుడు నేర్చుకున్నది. ఇప్పుడు ఎవరితోనైనా వాదించడానికి సిద్ధంగా ఉన్నాను.

జరిగింది చెబుతాను. బండి కాటా ఎక్కగానే మా ప్రోగ్రామ్ ఒక స్లిప్పు కోసం మెమరీలో కొంత చోటు అడుగుతుంది. అందులో బండి నంబరు, లోడు తూకం, ఖాళీ తూకం, తేమ, తరుగు, వీటితో పాటు "తేమ నింపారా లేదా" అని అవును-కాదు చెప్పే ఒక చిన్న గుర్తు ఉంటాయి. తేమ 17 శాతం దాటితే తరుగు లెక్కకట్టి అందులో రాస్తాం, గుర్తుని "అవును" చేస్తాం. తేమ నింపకపోతే? గుర్తుని "కాదు" అని పెట్టాలి. ఆ ఒక్క లైను ఎవరూ రాయలేదు. మేం వాడే సీ భాషలో మెమరీ అడిగే ఆదేశం మాలాక్. అది చోటు ఇస్తుందే గానీ దాన్ని తుడిచి ఇవ్వదు. తుడిచి ఇచ్చేది కాలాక్. మేం వాడింది మాలాక్.

మరి మా దగ్గర ఎందుకు బాగా వచ్చింది? ఇల్లు ఖాళీ చేసినవాళ్ళు వెళ్ళాక కొత్తవాళ్ళకి అద్దెకిచ్చే ముందు ఇంటాయన గోడలకి సున్నం కొట్టిస్తాడు. పాతవాళ్ళు గోడ మీద రాసుకున్న ఫోన్ నంబర్లు, పాల లెక్కలు కొత్తవాళ్ళ కంటపడకూడదు. ఆపరేటింగ్ సిస్టమ్ కూడా అంతే. ఒక ప్రోగ్రామ్ వదిలేసిన మెమరీ పేజీని ఇంకో ప్రోగ్రామ్‌కి ఇచ్చే ముందు సున్నాలతో నింపి ఇస్తుంది. పాత ప్రోగ్రామ్ తాలూకు పాస్‌వర్డ్ కొత్తదానికి దొరక్కూడదు కదా. లైనక్స్ ఈ పని చేస్తుంది, విండోసూ చేస్తుంది. అయితే అదే ఇంట్లో మనం ముందు గదిలోంచి వెనక గదికి సామాను మార్చుకుంటే మధ్యలో ఎవరూ వచ్చి సున్నం కొట్టరు. మన ప్రోగ్రామే ఒక ముక్క వదిలేసి మళ్ళీ అడిగితే, ఆ ముక్క పాత రాతలతోనే తిరిగి రావచ్చు.

మా టెస్టులన్నీ ఒక్కో స్లిప్పుకి ప్రోగ్రామ్‌ని కొత్తగా మొదలుపెట్టి, స్లిప్పు తీసి, మూసేసేవి. ఎప్పుడూ సున్నం కొట్టిన కొత్త గోడే. గుర్తు సున్నా అంటే "కాదు", తరుగు సున్నా. అంతా సవ్యం. మిల్లులో మాత్రం ప్రోగ్రామ్ తెల్లారి మొదలైతే రాత్రిదాకా ఆగదు, వందలాది స్లిప్పులు ఒకే రన్‌లో వెళ్తాయి. పైగా విండోస్‌లో లో-ఫ్రాగ్మెంటేషన్ హీప్ అని ఒక ఏర్పాటు ఉంది. ఒకే సైజు ముక్కల్ని పదేపదే అడిగే ప్రోగ్రామ్‌కి ఆ సైజు ముక్కల్ని గుంపుగా విడిగా పెట్టి అందులోంచి ఇస్తుంది. విండోస్ 8 నుంచి ఆ గుంపులో ఏ ముక్క ఇవ్వాలో వరసగా కాకుండా ఎటుపడితే అటు ఎంచుతుంది, దాడి చేసేవాడు ముందే ఊహించకుండా. అందుకే ఉదయం 9:40 నాటి ముక్క మధ్యాహ్నం ట్రాక్టర్‌కి వచ్చింది. అందుకే ఒక బండికి వచ్చి ఇంకో బండికి రాలేదు.

ఆ రాత్రి మిల్లు నుంచి తిరిగొచ్చి, మర్నాడు ఆఫీసులో ఎవరూ వాడని ఒక విండోస్ మిషన్ మీద ప్రోగ్రామ్‌ని విజువల్ స్టూడియో అనే మైక్రోసాఫ్ట్ పనిముట్టులో డెబగ్ బిల్డ్ (తప్పులు వెతకడానికి తయారుచేసే రూపం) చేసి నడిపాను. తేమ గడి ఖాళీగా వదిలి ఎంటర్ కొట్టాను. తరుగు ఉండాల్సిన చోట మైనస్ గుర్తుతో 6277438562 అని మొదలై స్క్రీన్ చివరిదాకా అంకెలే అంకెలు. లెక్కపెట్టాను, 67 అంకెలు. మా జూనియర్ నా భుజం మీదుగా చూస్తూ "అన్నా, ఇది ఏ ఊరి తరుగన్నా" అన్నాడు.

మైక్రోసాఫ్ట్ డెబగ్ లైబ్రరీ, హీప్‌లో, అంటే మాలాక్ చోటు ఇచ్చే మెమరీలో, మనం ఇంకా ఏమీ రాయని చోటునంతా సీడీ (CD) అని హెక్స్‌లో, అంటే పదహారు అంకెల పద్ధతిలో, రాసే బైటుతో నింపి ఇస్తుంది. ఆ బైట్లు ఎనిమిదింటిని డబుల్‌గా (దశాంశ సంఖ్యగా) చదివితే వచ్చేది ఈ 67 అంకెల సంఖ్యే. నాలుగింటిని ఇంట్‌గా (పూర్ణ సంఖ్యగా) చదివితే మైనస్ 842150451 వస్తుంది. స్టాక్ మీది, అంటే ఫంక్షన్ లోపలి తాత్కాలిక, వేరియబుల్స్‌కైతే సీసీ బైటు, అప్పుడు ఇంట్‌లో కనబడేది మైనస్ 858993460. ఈ మూడు సంఖ్యల్నీ గుర్తుపెట్టుకోవడం ఈ పనిలో ఉన్నవాళ్ళకి చాలా మేలు చేస్తుంది. ఎప్పుడైనా లాగ్‌లో కనబడితే ఇంకేమీ వెతక్కుండా "ఇక్కడ ఎవరో నింపకుండా చదివారు" అని చెప్పేయొచ్చు. ఏ తూకంలోనూ నిజంగా రాని విలువ కావాలనే నింపుతారు, తప్పు జరిగితే కేక పెట్టి చెప్పడానికి. మిల్లులో అదే తప్పు 168.5 అనే నమ్మదగిన అంకె వేషంలో వచ్చింది. ఆ 67 అంకెలు కనబడినప్పుడు నాకు కలిగినంత రిలీఫ్ ఈ ఉద్యోగంలో ఎప్పుడూ కలగలేదు.

అదయ్యాక లైనక్స్‌లో ఒకే రన్‌లో వరసగా రెండు స్లిప్పులు తీసి చూశాను. అప్పుడూ రాలేదు! మొదటి స్లిప్పు వదిలేసిన ముక్కని మధ్యలో మా ప్రింటింగ్ లైబ్రరీ తన పనికి తీసేసుకుంటోంది. రెండో స్లిప్పుకి మళ్ళీ కొత్త ముక్కే, మళ్ళీ సున్నాలే. ఆ లైబ్రరీ ఒక వెర్షన్ మారి ఉంటే మా లైనక్స్ కస్టమర్లకీ ఇదే గతి పట్టేది. లైనక్స్‌లో మాలాక్‌ని అందించే లైబ్రరీ జీలిబ్‌సీ. అందులో మాలాక్ పెర్టర్బ్ అని, ప్రోగ్రామ్ బయటి నుంచే పెట్టగల ఒక సెట్టింగ్ (ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్) ఉంది. దానికి 1 నుంచి 254 దాకా ఏదైనా సంఖ్య ఇస్తే మాలాక్ ఇచ్చే ప్రతి ముక్కనీ చెత్తతో నింపి ఇస్తుంది. అది పెట్టగానే మొదటి స్లిప్పుకే తప్పు బయటపడింది. ఒక్క లైను సెట్టింగ్! అంతకుముందు ఆరు వారాలు మేం "విండోస్, విండోస్" అన్నాం. ఆ ఆరు వారాలూ బగ్ మా లైనక్స్ మిషన్లలోనే కూర్చుని ఉంది.

ఈ విషయంలో ఒక్కో సిస్టమ్‌ది ఒక్కో స్వభావం. ఓపెన్‌బీఎస్‌డీ అనే ఆపరేటింగ్ సిస్టమ్ వాళ్ళు వదిలేసిన మెమరీని చెత్త బైట్లతో కెలికేసే పద్ధతిని ఏళ్ళ తరబడి పాటిస్తున్నారు, వేరే చోట హాయిగా నడిచిన ప్రోగ్రామ్‌లు అక్కడ కూలిపోవడం మామూలే. మాక్‌లో మాలాక్ స్క్రిబుల్ అనే సెట్టింగ్ ఉంది, అడిగితేనే ఆ పని చేస్తుంది. విండోస్‌లో డెబగర్ (ప్రోగ్రామ్‌ని ఆపి లోపల చూసే పనిముట్టు) కిందే ప్రోగ్రామ్‌ని మొదలుపెడితే హీప్ వేరే రకంగా నిండుతుంది, అక్కడ బాడ్ ఫుడ్ అని చదవగలిగే ఒక హెక్స్ సంఖ్య కనబడుతుంది. అందువల్ల డెబగర్‌లో చూస్తే ఒక రకం, విడిగా నడిపితే ఇంకో రకం. ఇవన్నీ తెలియనివాడికి దయ్యం పట్టినట్టే అనిపిస్తుంది. తెలిసినవాడికి ఇవి నాలుగు వేరువేరు అద్దాలు. ఒకదాంట్లో కనబడని మరక ఇంకోదాంట్లో కనబడుతుంది. అందుకే ఒక్క ఆపరేటింగ్ సిస్టమ్‌నే వాడే కస్టమర్లున్నా సరే, కోడ్‌ని రెండు మూడు సిస్టమ్‌ల మీద నడపాలంటాను. పని పెరిగేది నిజమే. మిల్లాయన పిలిపించుకున్న ఎలక్ట్రీషియన్ ఖర్చు ముందు అది ఏపాటి?

మా జూనియర్ ఆ రోజు ఇంకో మాట అడిగాడు. "అన్నా, లోకల్ వేరియబుల్‌కి డిఫాల్ట్ విలువ సున్నా కదా? కాలేజీలో చేసినప్పుడు ఎప్పుడూ సున్నానే వచ్చేది." నాకు గుండె కలుక్కుమంది. మా రోజుల్లో ల్యాబ్‌లో టర్బో సీ. వైవాలో "ఇనిషియలైజ్ చేయకపోతే ఏం వస్తుంది?" అని అడిగితే "గార్బేజ్ వాల్యూ సార్" అనేవాళ్ళం, మార్కులు పడేవి. పాత డాస్ రోజుల్లో సున్నం కొట్టే ఇంటాయన లేడు, కాబట్టి ఆ చెత్తని కళ్ళారా చూసేవాళ్ళం. ఇప్పటి పిల్లలు చూసేది సున్నా. అది వాళ్ళ తప్పు కాదు, చూసిందే నమ్మారు. అసలు చెప్పాల్సింది గార్బేజ్ అనీ కాదు, సున్నా అనీ కాదు: ఆ చోటుని చదవడమే తప్పు. కంపైలర్ (మన కోడ్‌ని మిషన్ భాషలోకి మార్చే ప్రోగ్రామ్) రాసేవాళ్ళు ఈ మాటని మనకంటే గట్టిగా పట్టుకుంటారు. సీ, సీ ప్లస్ ప్లస్‌లలో నింపని విలువ చదవడం చాలావరకు అనిర్వచిత ప్రవర్తన, అంటే ఆ తర్వాత ఏం జరిగినా భాషకి సంబంధం లేదు. నింపని ఒక బూలియన్‌ని (అవును-కాదు గుర్తుని) "నిజమైతే" అని ఒకసారి, "కాకపోతే" అని ఇంకోసారి అడిగితే రెండింటికీ అవుననే కోడ్ పుట్టిన సందర్భాలున్నాయి. అలాంటప్పుడు ఆపరేటింగ్ సిస్టమ్ కూడా మారక్కర్లేదు, కంపైలర్ కోడ్‌ని ఎంత వేగంగా మార్చాలో చెప్పే ఆప్టిమైజేషన్ లెవెల్ మారితే చాలు.

కారణం చెప్పాక మా టీమ్‌లో ఒక వాదన వచ్చింది. ఇంత గొడవ ఎందుకు, అన్నిచోట్లా మాలాక్ తీసేసి కాలాక్ పెడదాం, కంపైలర్‌కి లోకల్ వేరియబుల్స్ అన్నిటినీ సున్నా చేయమని చెబుదాం, అయిపోతుంది అన్నారు. ఆ సౌకర్యం క్లాంగ్ అనే కంపైలర్‌లో ముందే ఉంది, జీసీసీ అనే కంపైలర్‌లో 12వ వెర్షన్ నుంచి, అంటే 2022 నుంచి వచ్చింది. లైనక్స్ మూల భాగమైన కెర్నల్‌లో కూడా 5.3 వెర్షన్ నుంచి కేటాయించిన మెమరీని అప్పుడే సున్నా చేసే ఏర్పాటు పెట్టారు. అవి మంచివే. కస్టమర్ దగ్గరికి వెళ్ళే బిల్డ్‌లో నేనూ పెట్టాను. ఒక రైతు తరుగు ఇంకో రైతుకి పడకుండా ఆపడానికి అంతకంటే చవకైన తాళం లేదు.

కానీ దాన్నే మందు అనుకుంటే నేను ఒప్పుకోను. తేమ నింపని స్లిప్పులో తరుగు సున్నా రావడం సరైన జవాబా? ట్రాక్టర్‌లో ఎండు వడ్లు కాబట్టి ఆ రోజుకి సరిపోయింది. అదే 21 శాతం తేమ ఉన్న లోడుకి మిషన్ బ్యాటరీ అయిపోయి ఉంటే, సున్నా తరుగుతో ఆ నష్టం మిల్లాయన నెత్తిన పడేది, ఎవరికీ తెలిసేది కూడా కాదు. 168.5 అబద్ధమైతే సున్నా కూడా అబద్ధమే, కాకపోతే మర్యాదగా కనబడే అబద్ధం. తేమ తెలియదు అన్నది విడిగా ఒక సమాధానం. ఆ సమాధానం స్లిప్పు మీద అచ్చు పడాలి: "తేమ చూడలేదు". మేం చివరికి చేసిన మార్పు అదే. మెమరీ తప్పుని వెతుకుతూ వెళ్తే దాని కింద మేం అసలు ఆలోచించని ప్రశ్న ఒకటి బయటపడింది. మొదటి నుంచీ అన్నీ సున్నాలై ఉంటే ఆ ప్రశ్న ఎప్పటికీ ఎదురయ్యేది కాదు. అందుకే మా ఆఫీసులో డెవలపర్ల బిల్డ్‌లన్నిట్లో సున్నా కాకుండా చెత్త నింపే సెట్టింగే పెట్టించాను. రస్ట్ భాషలో అయితే నింపని వేరియబుల్‌ని చదివే కోడ్ కంపైలే కాదు. జావాలో లోకల్ వేరియబుల్స్‌కి అదే కట్టుబాటు. మేం ఉన్నది సీలో. ఇక్కడ ఆ కాపలా మనమే కాయాలి.

పనిముట్ల గురించి ఒక మాట. "అడ్రస్ శానిటైజర్ పెట్టి చూశాం, క్లీన్‌గా ఉంది" అని మా టీమ్‌లో ఒకరన్నారు. అది ఈ జాతి తప్పుల్ని పట్టుకోదు. హద్దు దాటి చదవడం, వదిలేశాక వాడటం దాని పని. నింపకుండా చదవడాన్ని పట్టేది క్లాంగ్‌లోని మెమరీ శానిటైజర్. దానికేమో మన ప్రోగ్రామ్ వాడే లైబ్రరీలు కూడా దానితోనే కంపైల్ అయి ఉండాలి, లేకపోతే ఉత్తుత్తి ఆరోపణలు చేస్తుంది. మాలాంటి చిన్న ఆఫీసుకి సులువు వాల్‌గ్రిండ్, ప్రోగ్రామ్ నడుస్తుండగా దాని మెమరీ వాడకాన్ని కనిపెట్టే పనిముట్టు. ప్రోగ్రామ్ 20, 30 రెట్లు నెమ్మదిస్తుంది, నిజమే. రాత్రి నడిపి పొద్దున చూసుకుంటాం. నింపని విలువని ఒకచోటి నుంచి ఇంకోచోటికి కాపీ చేస్తే అది ఏమీ అనదు. ఆ విలువ మీద ఆధారపడి ప్రోగ్రామ్ ఒక నిర్ణయం తీసుకున్నప్పుడే అంటుంది. ఆ విలువ ఎక్కడ పుట్టిందో కూడా చెప్పమని అడిగితే మాలాక్ పిలిచిన లైను చూపిస్తుంది. మా కోడ్‌లో మొదటి రాత్రే ఆ గుర్తుతో పాటు ఇంకో ఆరు చోట్లు చూపించింది.

చూపించిన ప్రతి చోటా అర్థం చేసుకోకుండా నోరు మూయిస్తే ఏమవుతుందో చెప్పడానికి డెబియన్ కథని మించింది లేదు. 2006లో, లైనక్స్ రకాల్లో ఒకటైన డెబియన్‌లో, రహస్య కీలు పుట్టించే ఓపెన్‌ఎస్‌ఎస్‌ఎల్ ప్యాకేజీ మీద ఇలాంటి హెచ్చరికలే వచ్చాయి. యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించే కోడ్‌లో నింపని మెమరీ కలుస్తోందని పనిముట్టు చెప్పింది. ఆ హెచ్చరిక ఆగడానికి రెండు లైన్లు కామెంట్ చేసేశారు. అందులో ఒకటి అసలైన యాదృచ్ఛికతనంతా కలిపే లైను. ఆ తర్వాత మిగిలిన తేడా ప్రాసెస్ ఐడీ (నడుస్తున్న ప్రోగ్రామ్‌కి సిస్టమ్ ఇచ్చే నంబరు) ఒక్కటే. అంటే ఒక రకం మిషన్ మీద, ఒక సైజులో పుట్టగల కీలు మహా అయితే 32,768. డెబియన్ మీద ఆధారపడ్డ ఉబుంటులోకీ అది పాకింది. 2008 మే 13న ప్రకటన వచ్చేదాకా ఆ తప్పు అలాగే ఉంది. దాన్ని కనిపెట్టినవాడు లూసియానో బెల్లో. ప్రపంచమంతా, సర్వర్లలోకి వెళ్ళడానికి వాడే ఎస్‌ఎస్‌హెచ్ కీలు మళ్ళీ తయారుచేసుకోవాల్సి వచ్చింది. హెచ్చరిక వస్తే ఆ లైను ఎందుకుందో తెలిసేదాకా కదపకూడదని నేను మా జూనియర్‌కి ఈ కథతోనే చెప్పాను. ఆ ఆరు చోట్ల ఒక్కోదాని ముందు ఒక్కో పూట కూర్చున్నాం. నాలుగు నిజంగా తప్పులు. రెండు మాత్రం పోర్టు నుంచి కాటా రీడింగ్ రాకముందే చదివేస్తున్న చోట్లు, అవి ఇంకా పెద్ద తప్పులు.

ఆపరేటింగ్ సిస్టమ్‌దే తప్పు అయ్యే సందర్భాలు లేవని నేనట్లేదు. ఉన్నాయి. కానీ ఆ మాట అనే ముందు రుజువు మన దగ్గర ఉండాలి, ఫోన్ చేసినవాడి దగ్గర కాదు. మా వాక్యం ఆ బరువుని తీసుకెళ్ళి గూడూరు మిల్లాయన మీద పెట్టింది. ఆయన దగ్గర డెబగర్ లేదు, సోర్స్ కోడ్ లేదు. ఆయన దగ్గర ఉన్నది రెండు స్లిప్పులు. వాటిని పక్కపక్కన పెట్టి పాయింటు తర్వాత అయిదుని చూసింది కూడా ఆయనే, మేం కాదు.

సరిచేసిన వెర్షన్ పంపాక ఆయన ఒక్కటే అడిగాడు: "ముందు ఎన్ని స్లిప్పులకి ఇట్టా అయింది నాయనా?" ఆఫీసులో ఆ లెక్క ఇవ్వడానికి మొదట ఒప్పుకోలేదు. రాతపూర్వకంగా ఇస్తే తప్పు మనదేనని ఒప్పుకున్నట్టవుతుందన్నారు. తప్పు మనదే కదా అన్నాను. రెండు రోజులు పట్టింది. డేటాబేస్‌లో తేమ గడి ఖాళీగా ఉండి తరుగు మాత్రం పడిన స్లిప్పులు వెతికితే 23 వచ్చాయి. తేదీ, బండి నంబరు, రైతు పేరు, కోసిన కిలోలు, అన్నీ ఒక పేజీలో పెట్టి పంపాను.

సాయంత్రం ఆయన ఫోన్ చేశాడు. జాబితా ముందు పెట్టుకుని ఒక్కో పేరూ చదువుతున్నాడు, ఈయన ఫలానా ఊరు, ఈయన మా చెల్లెలి వియ్యంకుడు అంటూ. పదిహేడో పేరు దగ్గర ఆగాడు. "ఈయన సంక్రాంతి దాటినాక మా కాటాకి రావడం మానేశాడు. ఎందుకో అనుకున్నా." కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత పక్కనెవరినో రెండో ఫోన్ ఇమ్మని అడగడం, ఆ నంబరు ఒక్కో అంకే చదివి నొక్కడం నాకు వినబడుతూనే ఉంది.